కెన్‌మోర్ చౌకు మీది ఎర్ర త్రికోణం



రాత్రివేళ దూరప్రయాణం చేసి స్వస్థలానికి తిరిగివచ్చే ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. ఊరు ఇంకా కంటికి ఆనదు. ఇళ్ళూ వీధులూ చీకటిలో కలిసిపోయి ఉంటవి. కాని అల్లంత దూరాన ఒక గాలిగోపురం మీది దీపమో, ఒక కర్మాగారం పొగగొట్టం మీది ఎర్రదీపమో, స్టేషను కైవారంలోని సిగ్నలో కనపడుతుంది. అది కనపడగానే మనిషి కాళ్ళు చాపుకొనడం మాని, చెప్పులు వెతుక్కొంటాడు. మా చిన్నతనంలో మా కుటుంబానికి అటువంటి గుర్తు ఒక సినిమాహాలు పేరు. హాలు కప్పు మీద, ఇనుప చట్రానికి బిగించిన ఎర్రని గాజుగొట్టాల అక్షరాలు రాత్రి రెండవ ఆట విడిచేదాకా వెలుగుతూ ఉండేవి. చివరి అక్షరం మాత్రం ఎప్పుడూ మినుకు మినుకుమంటూ, వెలగాలా ఆరాలా అని తేల్చుకొనలేకుండా ఉండేది. బస్సు కాలువ వంతెన ఎక్కగానే మా అమ్మ మమ్మల్ని తట్టి, “లేవండర్రా, ఊరొచ్చింది,” అనేది. అప్పటికి ఊరు ఇంకా రెండు మైళ్ళున్నది. వచ్చినది ఆ ఎర్ర వెలుగే.

కొన్నేళ్ళ క్రిందట ఆ హాలును పడగొట్టారు. అక్షరాలు పాత ఇనుము కొనేవాడి బండి మీద వెళ్ళిపోయినవని తరువాత విన్నాను. ఎవరూ వద్దనలేదు. వద్దనవచ్చునని కూడా ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఈ పూట నేను చెప్పదలచినది మా ఊరి హాలు సంగతి కాదు. వద్దనవచ్చునని తోచిన ఒక నగరం సంగతి. ఆ నగరం అమెరికా ఈశాన్య తీరాన ఉన్న బోస్టన్. అక్కడ కెన్‌మోర్ చౌకులో, ఒక భవనం కప్పు మీద, చమురు కంపెనీవారు నిలబెట్టిన ప్రకటన ఫలకం ఒకటి ఉన్నది. దాని పేరు సిట్‌గో ఫలకం. ప్రకటనగా పుట్టినది, ఆనవాలుగా మిగిలినది. దానిని ఒకసారి కాదు, అనేక పర్యాయాలు తీసివేయబోయారు. తీసివేయలేకపోయారు.

దానిని నాకు మొట్టమొదట చూపినవాడు మా మేనల్లుడు. వాడు ఆ నగరంలో చదువుకొనడానికి వెళ్ళినవాడు. మన తెలుగు ఇళ్ళ నుంచి అక్కడి విశ్వవిద్యాలయాలకు వెళ్ళిన పిల్లలు ఎందరో మీకు తెలియనిది కాదు. ఈ ప్రసంగం వింటున్న ఇళ్ళలో కూడ అటువంటి పిల్లవాడో పిల్లో ఉన్నవి కొన్ని ఉండకపోవు. నేను వెళ్ళిన మొదటి సాయంకాలమే వాడు నన్ను చార్లెస్ నది మీది హార్వర్డు వంతెన మీదికి నడిపించుకొని పోయినాడు. చలి. నది మీది గాలి చెవులను కోస్తున్నది. వంతెన నేల మీద వరుసగా రంగు గీతలూ అంకెలూ కనపడితే ఇవేమిటిరా అని అడిగాను. 1958లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు కొందరు, ఆలివర్ స్మూట్ అనే తోటి విద్యార్థిని వంతెన పొడుగునా పడుకోబెట్టి లేపి, పడుకోబెట్టి లేపి కొలిచారట. వంతెన పొడవు 364.4 స్మూట్లు, ఒక చెవి అటో ఇటో అని తేల్చారట. అతని ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఆ గీతలకు నేటికీ రంగు వేస్తారు. ఇట్లాంటి ఊరివారు ఒక ప్రకటన ఫలకాన్ని పట్టుకొని వదలలేదంటే నేను తరువాత పెద్దగా ఆశ్చర్యపడలేదు.

“మామయ్యా, అదుగో చూడండి,” అని వాడు నదికి ఆవలి ఒడ్డున కుడివైపుగా చూపినాడు. ఎత్తయిన భవనాల వరుసకు పైన, ఆకాశంలో ఒక తెల్లని చదరం. అందులో పెద్ద ఎర్ర త్రికోణం. క్రింద నీలిరంగు అక్షరాలు. త్రికోణం విడతలు విడతలుగా వెలిగి, నిండి, ఒక్క క్షణం నిలిచి, ఆరి, మరల మొదలుపెట్టుతున్నది. అంతే. అందులో బొమ్మ లేదు, కథ లేదు. “వచ్చిన కొత్తలో ఒక రాత్రి మంచు కురుస్తుంటే దారి తప్పినాను, మామయ్యా. ఫోనులో ఛార్జి అయిపోయింది. ఎటు చూసినా ఒకటే తెలుపు. అది కనపడింది. దాని దిక్కుకే నడిచాను. గది దాని వెనకాలే,” అన్నాడు. నేను వాడి మొగం చూశాను. ఆ మాట అంటున్నప్పుడు వాడి గొంతు నాకు పరిచితమైన గొంతు. కాలువ వంతెన మీద మా అమ్మది.

కొలతలు చెప్పితే గాని ఆ ఫలకం ఎంతదో ఊహకు అందదు. నిలువు 60 అడుగులు, అడ్డం 60 అడుగులు. అనగా ఐదారు అంతస్తుల మేడ ఎంతో అంత. రెండు వైపులా ముఖాలు ఉన్నవి. నియాన్ దీపాలు ఉన్న కాలంలో దానిలో 5,878 గాజుగొట్టాలు ఉండేవి. వాటిని ఒకదాని కొసను ఒకటి పెట్టి పరిస్తే ఐదు మైళ్ళకు పైన సాగేవట.

దాని పుట్టుక గొప్పది కాదు. సిటీస్ సర్వీస్ అనే చమురు, విద్యుత్తు వ్యాపార సంస్థ 1910లో ఏర్పడినది. ఆ సంస్థవారు 1940లో కెన్‌మోర్ చౌకులోని భవనం మీద తమ పేరుతో మొదటి ఫలకాన్ని నిలిపారు. 1965లో ఆ సంస్థ తన వ్యాపార నామాన్ని సిట్‌గో అని మార్చుకొని, త్రికోణ చిహ్నాన్ని స్వీకరించినది. పాత ఫలకం స్థానంలో నేటి రూపం అప్పుడు వచ్చినది.

ఇక్కడ రేడియోవాడిగా ఒక మాట చెప్పుకొనకుండా ఉండలేను. ఈ సిటీస్ సర్వీస్ కంపెనీవారే అమెరికా రేడియోలో 1920ల నడుమ నుంచి 1956 వరకు వారం వారం సంగీత కచేరీలను ప్రసారం చేయించేవారు. జెస్సికా డ్రాగొనెట్ అనే గాయని ఆ కార్యక్రమం వలననే దేశమంతటా ఇంటింటి మనిషి అయినది. ముప్పై ఏళ్ళ సంగీతం! దానిని నేడు తలచుకొనేవారు కొద్దిమంది పరిశోధకులు. అదే కంపెనీవారు పెట్రోలు అమ్ముకొనడానికి కప్పు మీద పెట్టిన దీపాల చట్రాన్ని మాత్రం నగరమంతా గుండెకు హత్తుకొన్నది. గాలిలోకి మాటలు వదిలేవారి గతి ఎప్పుడూ ఇంతే కాబోలు అని నాకు కొంచెం ఈర్ష్య కలిగిన మాట నిజం.

అయితే ఈర్ష్యను చల్లార్చే సంగతి కూడ ఒకటి ఉన్నది. 1960ల చివర ఈ ఫలకం మీద ‘గో, గో సిట్‌గో’ అనే చిన్న చిత్రాన్ని తీశారు. దీపాలు వెలగడం, ఆరడం, వీటినే నాట్యంగా కూర్చిన చిత్రం. దానికి సంగీతంగా వాడిన వాటిలో ఒకటి మంకీస్ అనే వాయిద్య బృందానిది. రెండవది మన పండిత రవిశంకర్ సితారు. ఆకాశవాణి వాద్యబృందాన్ని 1949 నుంచి నడిపిన రవిశంకరే. ఢిల్లీ స్టూడియోలో మొదలైన ఒక వేళ్ళ కదలిక బోస్టన్‌లో ఒక పెట్రోలు కంపెనీ దీపాల చేత ఆడించినదన్నమాట.

ఇక ఆ వెలుగు ఎట్లా వచ్చేదో చెప్పుతాను. నియాన్ అనేది మనం పీల్చే గాలిలోనే ఉన్నది. కాని అది ఎంత స్వల్పమంటే, గాలిలో దాదాపు 55,000 పాళ్ళకు ఒక పాలు. 1898లో లండనులో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ అనే శాస్త్రజ్ఞులు గాలిని ద్రవంగా మార్చి, మెల్లగా మరగనిచ్చి, దానిని వేరుచేశారు. గొట్టంలో పెట్టి విద్యుత్తు పంపేసరికి మంకెనపువ్వు వంటి ఎరుపు భగ్గుమన్నది. కొత్తది అనే అర్థం వచ్చే లాటిను మాటతో పేరు పెట్టుమని రామ్సే పదమూడేళ్ళ కొడుకు సలహా చెప్పితే, తండ్రి దానిని గ్రీకులోకి మార్చి నియాన్ అన్నాడు. తరువాత ఫ్రాన్సులో జార్జి క్లోద్ అనే ఇంజనీరు గాలి నుంచి ఆక్సిజనును తీసే పరిశ్రమ పెట్టినాడు. ఆ పరిశ్రమలో నియాన్ వద్దన్నా మిగిలిపోయేది. దానినేం చేయాలి? పొడవైన గొట్టాలలో నింపి, 1910 డిసెంబరులో పారిసు మోటారు ప్రదర్శనలో వెలిగించినాడు. 1912లో దానితో తయారైన మొదటి ప్రకటన పారిసులో ఒక క్షౌరశాల ముందు వెలిగినది.

అక్షరం చేయడం యంత్రం పని కాదు, చేతి పని. పనివాడు గాజుగొట్టాన్ని మంట మీద తిప్పుతూ, మెత్తబడిన క్షణంలో గీసిన నమూనా మీద వంచుతాడు. వంపు దగ్గర గొట్టం నొక్కుకొనిపోకుండా రెండవ కొస నుంచి నోటితో ఊదుతూ ఉంటాడు. ఒక క్షణం ముందయితే గాజు విరుగుతుంది; ఒక క్షణం ఆలస్యమయితే జారుతుంది. తరువాత లోపలి గాలిని తోడివేసి, వాయువును కొద్దిగా నింపి, కొసలు మూసి, వేల వోల్టుల విద్యుత్తును పంపుతారు. శుద్ధ నియానుకు ఎరుపే. నీలానికి ఆర్గాన్ వాయువులో రవ్వంత పాదరసం కలుపుతారు. తెలుపు మొదలైన రంగులకు గొట్టం లోపల పొడి పూత పూస్తారు. మన పట్టణాలలో సినిమాహాళ్ళ మీద, లాడ్జీల మీద, బట్టల దుకాణాల మీద ఒకనాడు వెలిగినవన్నీ ఇట్లా ఒక మనిషి ఊపిరి పోసుకొన్నవే. మా ఊరి చివరి అక్షరానికి ఆ ఊపిరి ఎక్కడో సన్నగా జారిపోతూ ఉండి ఉంటుంది.

సరే. 1979లో ఇరాన్ విప్లవంతో చమురుకు కటకట వచ్చినది. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరినవి. మసాచుసెట్స్ రాష్ట్ర గవర్నరు ఎడ్వర్డు కింగు, పొదుపుకు ఒక సంకేతంగా సిట్‌గో ఫలకాన్ని ఆర్పివేయించినాడు. చమురు అమ్మే దీపాన్ని చమురు లేక ఆర్పవలసివచ్చినది. ఇంతకంటె ఎగతాళి ఏముంటుంది? దీపం ఆరినది. చట్రం అట్లాగే ఉన్నది. ఎండకు, మంచుకు, సముద్రపు గాలికి రేకులు తుప్పుపట్టినవి. నాలుగేళ్ళు గడిచినవి.

ఆ నడుమ కంపెనీ కూడ చేతులు మారినది. 1982లో ఆక్సిడెంటల్ అనే చమురు సంస్థ దానిని కొన్నది; 1983లో శుద్ధికర్మాగారాలనూ బంకులనూ సౌత్‌ల్యాండ్ సంస్థకు అమ్మినది. చేతులు మారేటప్పుడు పాతసామాను తీసివేయడం లోకసహజం. ఫలకాన్ని విప్పివేయ నిశ్చయించారు. వెలగని దీపాన్ని తీసివేస్తే అడిగేవాడెవడు అనుకొన్నారు.

అడిగారు. ఆ ఫలకాన్ని చూస్తూ పెరిగినవారు, దాని క్రిందినుంచి కాలేజీకి నడిచినవారు, దాని వెలుగు కిటికీలో పడుతుండగా నిద్రపోయినవారు అడిగారు. సొసైటీ ఫర్ కమర్షియల్ ఆర్కియాలజీ అనే సంఘం ఒకటి అక్కడ 1977లో ఏర్పడినది. అంగళ్ళు, ఫలకాలు, పెట్రోలు బంకులు, రోడ్డుప్రక్క హోటళ్ళు కూడ చరిత్రే అని వారి వాదం. ఆ సంఘంవారు ఈ ఫలకం పక్షాన నిలబడినారు. నగరపు చారిత్రక చిహ్నాల సంఘం ముందుకు విషయం వచ్చినది. విచారణ ముగిసేదాకా విప్పవద్దన్నారు. ఈ ఆదరం చూసి కంపెనీవారే ఆశ్చర్యపోయినారు. తమ ప్రకటనను ఉంచమని జనం పోరాడటం ఏ వ్యాపారస్థుడు చూసి ఉంటాడు? చట్టప్రకారం చారిత్రక చిహ్నమన్న ముద్ర ఆనాడు పడలేదు. కాని కంపెనీ ఫలకాన్ని బాగుచేయించి, 1983 ఆగస్టులో మరల వెలిగించినది.

ఇక్కడ ఆగి, నా మనసులోని సందేహాన్ని మీ ముందు పెట్టుతాను. నాకు ప్రకటనలంటే మొదటినుంచీ పడదు. కచేరీ మంచి పట్టులో ఉండగా సబ్బుబిళ్ళ గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు నా ప్రాణం ఉసూరుమంటుంది. అందుచేత వంతెన మీద మేనల్లుడితో, “ఒరే, అది మీరు ప్రేమించవలసిన వస్తువా? అది మీ చేత పెట్రోలు కొనిపించడానికి పెట్టినది కదా. ఆకాశంలో అరవై అడుగుల చోటు ఒక వర్తకుడు కాజేస్తే, అదే మా నగరపు బొట్టు అని మురిసిపోతారా?” అన్నాను. 1983 విచారణనాడు కూడ ఇటువంటి మాట అన్నవారు ఉన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. వాడు కాసేపు ఊరుకొని, “నాకు కారే లేదు, మామయ్యా,” అన్నాడు.

ఆ జవాబును నేను చాలా రోజులు నెమరు వేసుకొన్నాను. నిజమే, ఆ ఫలకాన్ని చూసి పెట్రోలు కొన్నవారి కంటె, దానిని చూసి ఇల్లు చేరినవారు ఎక్కువ. పెట్టినవాడి ఉద్దేశం పెట్టినవాడిది. చూసేవాడి అక్కర చూసేవాడిది. గాలిగోపురం కట్టించిన రాజు తన పేరు నిలవాలని కట్టించి ఉండవచ్చు. బాటసారికి ఆ పేరుతో పనిలేదు.

ఆ అక్కర ఎంతటిదో చూడాలంటే ఏప్రిల్ మాసంలో వెళ్ళాలి. బోస్టన్ మారథాన్ పరుగు 1897 నుంచి జరుగుతున్నది. హాప్కిన్‌టన్ అనే ఊరిలో మొదలై 26 మైళ్ళ 385 గజాలు సాగుతుంది. 20 మైళ్ళు దాటిన తరువాత, కాళ్ళలో జీవం ఇగిరిపోయిన చోట, గుండెలు పగిలే కొండ అని పరుగువారు పేరు పెట్టుకొన్న మిట్ట ఒకటి ఉన్నది. ఆ మిట్ట దిగిన పిమ్మట దూరాన ఈ ఎర్ర త్రికోణం దర్శనమిస్తుంది. ఇక అక్కడినుంచి పరుగువాడికీ దానికీ ఒక పేచీ. ఎంత పరుగెత్తినా అది దగ్గరకు రాదు. వచ్చినట్లే ఉంటుంది, మలుపు తిరిగితే మరల అంత దూరానే ఉంటుంది. చివరకు దాని క్రిందికి, కెన్‌మోర్ చౌకులోకి చేరితే, అక్కడినుంచి గమ్యం ఒక్క మైలు. పెద్ద చదువులు, పెద్ద ఉద్యోగాలు ఉన్నవారు ఆ చౌకులో దానిని చూసి ఏడ్చారని చెప్పుకొంటారు. తిట్టినవారూ ఉన్నారట.

పక్కనే ఫెన్‌వే పార్కు అనే బేస్‌బాల్ మైదానం. 1912నాటిది. దానికి ఎడమవైపు 37 అడుగుల ఎత్తున ఆకుపచ్చ గోడ ఉన్నది. ఆ గోడకు పైన, మైదానం బయట, ఈ ఫలకం తొంగిచూస్తూ ఉంటుంది. ఆట చూసేవారికి, టెలివిజనులో చూసేవారికి అది కూడ ఆటలో ఒక భాగమే. బంతి గోడ దాటిపోతే, ఫలకం పేరును విడగొట్టి, ‘సీ ఇట్ గో’ అంటారు. పోయింది చూడు అని దాని భావం. మా మేనల్లుడు ఈ ఆటను నాకు నేర్పడానికి మూడు గంటలు శ్రమపడినాడు. నాకు తెలిసినది ఫలకం ఒక్కటే.

కథ ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కాని 1986లో సిట్‌గోలో సగభాగాన్ని, 1990లో తక్కిన సగాన్ని వెనిజులా దేశపు ప్రభుత్వ చమురు సంస్థ కొన్నది. బోస్టన్ వారి ముద్దుబిడ్డకు పోషకుడు పరదేశ ప్రభుత్వమైనాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకొనలేదు. 2006 సెప్టెంబరులో వెనిజులా అధ్యక్షుడు హ్యూగో చావెజ్ ఐక్యరాజ్యసమితి సభలో అమెరికా అధ్యక్షుణ్ణి పిశాచంతో పోల్చి మాట్లాడినాడు. వెంటనే బోస్టన్ నగరసభ సభ్యుడు ఒకడు, ఆ ఫలకాన్ని తీసివేయవలెననీ, తీసేలోగా దాని మీద జాతీయ పతాకం కప్పవలెననీ లేచినాడు. కోపం సహజమే. కాని జనం కదలలేదు. ఫలకం కదలలేదు. ఎవరిదో అయిన కంపెనీ మీద కోపం వేరు, తమదైన దీపం మీద మమత వేరు అని ఆ నగరంవారు పెద్ద ఉపన్యాసాలేవీ లేకుండానే తేల్చుకొన్నారు. ఆ తరువాత కంపెనీ ఎవరికి చెందాలన్న దాని మీద న్యాయస్థానాలలో ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచినవి. ఆ కాగితాల కట్టలలో ఈ త్రికోణం ధర ఎంతని రాసుకొన్నారో నాకు చూడాలని ఉంటుంది.

ఇంకొక మార్పు నిశ్శబ్దంగా జరిగినది. నియాన్ గొట్టాలు తుఫానులకు పగిలేవి, చలికి చిట్లేవి. అన్నింటినీ ఒకేసారి వెలిగేట్లు ఉంచడం గగనమయ్యేది. 2004, 2005 సంవత్సరాలలో వాటిని తీసి, ఎల్.ఇ.డి. అనే చిన్న విద్యుద్దీపాలను లక్షల సంఖ్యలో అమర్చారు. వాతావరణానికి అవి కూడ ఆగకపోతే 2010లో మరల మార్చారు. ఖర్చు తగ్గినది, వెలుగు నిలకడగా ఉన్నది. నేను చూసినది ఆ కొత్త వెలుగునే. దూరంనుంచి తేడా తెలియదంటారు. పాతదానిని ఎరిగినవారు మాత్రం, గాజులో నిండిన ఎరుపు వేరు, చుక్కలుగా చేర్చిన ఎరుపు వేరు అంటారు. నాకు వారి మాటే నిజమనిపిస్తుంది. గొట్టం ఊదిన మనిషి ఊపిరి అందులో లేదు. అయినా మా మేనల్లుడికి దారి చూపినది ఈ కొత్తదే కనుక దానిని నేను నిందించలేను.

2016లో ఫలకం నిలబడిన భవనాలను విశ్వవిద్యాలయం అమ్మకానికి పెట్టినది. కొన్నవారు కొత్త మేడలు కట్టదలచారు. మరల విన్నపాలు, మరల విచారణ. 2018లో నగరపు చారిత్రక చిహ్నాల సంఘం ఈసారి తీర్మానమే చేసినది: ఇది రక్షింపదగిన చిహ్నమని. మేయరు మార్టిన్ వాల్ష్ ఆ తీర్మానాన్ని త్రోసిపుచ్చినాడు. అయితే ఊరికే త్రోసిపుచ్చలేదు. స్థలం కొన్నవారికీ కంపెనీకీ మధ్య రాజీ కుదిర్చి, ఫలకాన్ని నిలుపుకొనే ఏర్పాటు చేయించినాడు. చట్టం రక్షించాలా, ఒప్పందం రక్షించాలా అన్నది అక్కడ తెగని తగవు. నేనయితే చట్టం పక్షమే. ఒప్పందాలకు గడువు ఉంటుంది. మా ఊరి హాలుకు భూమి కౌలు ఒప్పందమే ఉండేదట, గడువు తీరినది.

ఇటువంటి దీపాలు లోకంలో ఇదొక్కటే కాదు. జపానులో ఒసాకా నగరం దోతొంబొరి కాలువ ఒడ్డున, చేతులు పైకెత్తి పరుగెత్తే మనిషి బొమ్మ ఒకటి ఉన్నది. గ్లికో అనే మిఠాయి కంపెనీవారిది. 1935లో వెలిగినది, యుద్ధకాలంలో, 1943లో, లోహం కోసం విప్పివేశారు, 1955లో కొత్తది నిలిపారు, 2014లో నిలిపినది ఆ వరుసలో ఆరవది. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో 1936లో వినిగరు కంపెనీవారు తాడాట ఆడే బాలిక బొమ్మను దీపాలతో పెట్టినారు. 1960ల చివర కర్మాగారంతోపాటు ఆ బొమ్మ పోతే, ఊరివారు గోలపెట్టి 1970లో చిన్నపిల్లను మరల తెచ్చుకొన్నారు.

మన దగ్గర ఈ మధ్య హుసేన్ సాగరం ఒడ్డున ‘లవ్ హైదరాబాద్’ అనీ, విశాఖ సముద్రతీరాన అటువంటిదే ఒకటీ, పెద్ద అక్షరాలు నిలిపారు. పిల్లలు వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకొంటున్నారు. ముచ్చటగానే ఉన్నది. కాని ప్రేమించండి అని రాసిపెట్టి ప్రేమను పుట్టించడం కష్టమని నా అనుమానం. బోస్టన్ ఫలకం మీద ఎవరూ ఆ మాట రాయలేదు. వాటికి కూడ యాభై ఏళ్ళు నిండనివ్వండి. ఒకనాడు ఎవరో తీసివేయబోతారు. అప్పుడు తెలుస్తుంది.

తిరిగి వచ్చిన తరువాత, వంతెన మీదినుంచి తీసిన ఫోటోను అమ్మకు చూపించాను. ఆమె కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసినది. “ఒక్క అక్షరమైనా మినుకుమనడం లేదే,” అన్నది. తరువాత, “మన హాలు పేరుది ఫోటో ఎవరి దగ్గరైనా ఉన్నదేమో కనుక్కోరా,” అన్నది.

కనుక్కొన్నాను. హాలు యజమాని కుటుంబం ఊరు విడిచిపోయినది. ఆపరేటరు కాలం చేశాడు. సోడా అమ్మినాయన కొడుకు నవ్వి, “దాన్ని ఎవరు తీస్తారండీ,” అన్నాడు. నాలుగైదు ఇళ్ళు తిరిగిన మీదట ఒక పెళ్ళి ఆల్బములో దొరికినది. రాత్రి ఊరేగింపు, కారు మీద పూలు, పెళ్ళికొడుకు మొగం ఫ్లాషు వెలుగుకు పాలిపోయి ఉన్నది. అతని తలపాగాకు పైన, ఫోటో అంచు దగ్గర, చీకటిలో ఎర్రగా రెండు అక్షరాలు. మూడవది సగం తెగిపోయినది. నకలు తీయించి తెచ్చాను. అమ్మ దానిని మంచం పక్కన గోడకు అంటించుకొన్నది. చూడవచ్చినవారు పెళ్ళికొడుకు ఎవరని అడుగుతుంటారు.